ఉత్తరం చదివాక ఇచ్చే నీళ్లు

ఇందులో ఎవరి పేర్లూ రాయను. పేరు మార్చి రాస్తే మనిషిని దాచినట్టేనని ఒకప్పుడు నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను కాబట్టి ఈసారి మార్చిన పేర్లు కూడా ఉండవు. అక్క అంటాను, బావ అంటాను. వాళ్లు నాకు రక్తసంబంధం ఉన్నవాళ్లు కారు. మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాళ్లు. మా వాడలో వరసలు అలాగే కలుస్తాయి.

డైరీ నాకు పదహారో ఏట పట్టుకున్న అలవాటు. పొద్దున ఐదున్నరకు లేచి ముఖం కడుక్కుని, చాయ కాగేలోపు ముందురోజు సంగతులు రాసేస్తాను. మొదటి వరుసలో ఎండ, వాన. రెండో వరుసలో ప్రాణహిత నీళ్లు రేవులో ఏ మెట్టు దాకా ఉన్నాయో. తర్వాత కచేరీ పని, వచ్చిపోయిన మనుషులు, ఇంటి సంగతులు. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్లయినా ఈ వరుస మారలేదు. పాత డైరీలు బీరువా కింది అరలో ఏడాది ప్రకారం ఉన్నాయి. రెండింటిని చెద తిన్నది. నేను చెప్పబోయే ఏడాది డైరీ మాత్రం చెక్కు చెదరలేదు. ఆకుపచ్చ అట్ట. అది కూడా చెదకు పోయి ఉంటే బాగుండునని అనుకున్న రోజులున్నాయి. నా చేత్తో నేను చింపలేను. అది నా స్వభావంలో లేదు.

అప్పుడు నేను తహసీలు కచేరీలో గుమాస్తాను. చాందా నుంచి మమ్మల్ని విడదీసి గడ్చిరోలి జిల్లా చేసిన కొత్తలో సంగతి ఇది. కచేరీలో కాగితాలన్నీ మరాఠీలో, ఇంట్లో మాటలన్నీ తెలుగులో. మా ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో ఉన్నా, చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. బడి మరాఠీ బడి. నేను చిన్నప్పుడు నది అవతల చెన్నూరులో మేనమామ ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా తెలుగు చదువుకున్నాను. అందుకని మా వాడలో ఎవరికి తెలుగు ఉత్తరం వచ్చినా చదివిపెట్టే పని నా మీద పడింది. అవతల ఇచ్చిన ఆడపిల్లల దగ్గరినుంచి, బొగ్గుబావుల్లో పనికి పోయిన మగవాళ్ల దగ్గరినుంచి వచ్చేవి.

దానికొక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. ఉత్తరం చదవడం అయిపోగానే ఆ ఇంటి ఆడమనిషి చెంబుతో నీళ్లు తెచ్చి చదివినవాడికి ఇస్తుంది. దాహం ఉన్నా లేకపోయినా తాగాలి. నీళ్లతోపాటు చదివిందంతా కడుపులోకి పోయినట్టు. ఆ తర్వాత ఆ సంగతి చదివినవాడు మళ్లీ ఎత్తకూడదు. ఆ ఇంటివాళ్లు ఎత్తితే తప్ప వాళ్లతో కూడా మాట్లాడకూడదు. వాడలోని ముసలమ్మలకు దీని మీద చాలా పట్టింపు. సగం తాగి చెంబు కింద పెడితే, "గదేంది పిలగా, సగం బయటనే పెట్టుకున్నవా?" అని వెక్కిరించేవాళ్లు. నేను ఎప్పుడూ చెంబు ఖాళీ చేసేవాణ్ణి. మర్నాడు పొద్దున ఆ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు డైరీలో రాసుకునేవాణ్ణి. అందులో తప్పుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు. డైరీ అంటే నేనే కదా, నాకు నేను చెప్పుకుంటే ఎవరికి చెప్పినట్టు అనుకున్నానేమో.

అక్క నాకన్నా మూడేళ్లు పెద్ద. చదువు లేదు. అన్నల ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న ఇంట్లో ఉండి, వాళ్లతో కలిసి నది ఒడ్డు పొలంలో వరి చేసేది. బావది రేగుంట. పెళ్లయిన కొద్ది నెలలకే గోదావరి అవతల బొగ్గుబాయిలో పని దొరికి పోయాడు. రెండు నెలలకోసారి వచ్చేవాడు. పెద్ద గొంతు, ఎగతాళి మనిషి. నేను కనబడితే చాలు, వీధి అవతలినుంచే మొదలుపెట్టేవాడు.

"ఏం బామ్మర్దీ, కచేరీల కాగితాలు ఇంకేమన్న మిగిలినయా, అన్ని నువ్వే నమిలినవా?"

"నీ బొగ్గు నువ్వు నములు బావా, నా కాగితాలు నేను నములుకుంట."

"బొగ్గు నమిలితె పండ్లన్న తెల్లగైతయి. కాగితాలు నమిలితె ఏమైతది? గిట్ల మొకం పీక్కపోతది."

వాడంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

బావ మరాఠీ బడిలో నాలుగు దాకా చదివాడు. అయినా ఇంటికి ఉత్తరం తెలుగులో రాసేవాడు. బాయి దగ్గర తోటి పనివాళ్ల దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుని, ఒత్తులు సగం వదిలేసి, వాలుగా రాసేవాడు. మరాఠీలో రాస్తే అక్క వాళ్ల అన్నలు చదివేస్తారు. తెలుగులో రాస్తే ఆ వాడలో నేనొక్కణ్ణే చదవగలను. అంటే నన్ను నమ్మి ఎంచుకున్న అక్షరాలు అవి. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ ఎండాకాలం మంచిర్యాలలో ఒక పెళ్లికి పోయినప్పుడు, బస్టాండు పక్కన నేల మీద గుడ్డ పరిచి రష్యా పుస్తకాలు అమ్ముతున్నారు. ఒక లావుపాటి నవల కొన్నాను. పందొమ్మిదో శతాబ్దంలో ఆ దేశంలో బతికిన ఒక పెద్ద నవలాకారుడిది. తెలుగు చేసి అక్కడే అచ్చువేసి పంపారు. దారంతో కుట్టిన కట్టు, నున్నటి కాగితం, తెరిస్తే మన పుస్తకాలకు లేని ఒక వాసన. రచయిత పేరు ఇక్కడ అనవసరం. తప్పు ఆయనది కాదు.

ముందుమాట మూడుసార్లు చదివాను. ఒకప్పుడు ఆ దేశంలో కథలంటే రాజకుమారులు, వెన్నెల, కోటల్లో ప్రేమలు, దయ్యాలు అట. తర్వాత కొందరు రచయితలు వచ్చి బురద రోడ్డు గురించి, మోచేయి చినిగిన కోటు వేసుకున్న గుమాస్తా గురించి, దొర వాకిట్లో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ రైతు గురించి రాయడం మొదలుపెట్టారట. మనిషిని ఉన్నది ఉన్నట్టు చూపించడం. దాన్ని వాస్తవికత అంటారని అక్కడే తెలుసుకున్నాను. గుమాస్తాల మీద కూడా నవలలు రాస్తారంటే నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఆ రచయిత ఎక్కడికి పోయినా జేబులో నోటుపుస్తకం ఉండేదట. విన్న మాట, చూసిన ముఖం అందులో రాసుకునేవాడట. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన "నాకూ ఉన్నాయి" అని రాశాను. ఆ రెండు మాటలు ఇప్పటికీ ఆ పేజీలో ఉన్నాయి.

రోజుకు ఇరవై పేజీల చొప్పున చదివాను. నచ్చిన చోట అంచున చిన్న టిక్కు పెట్టేవాణ్ణి. ఒక ముసలి నౌకరు సూపు తాగుతూ చెంచా ఎలా పట్టుకున్నాడో ఒక పేజీ నిండా ఉంది. టిక్కు. కాలు నొచ్చిన గుర్రం చెవిలో బండివాడు ఏమో గొణుగుతాడు. టిక్కు. అందులో ఒక దొర ఉంటాడు, మంచివాడే, ఊరికే తన తప్పులు తానే తవ్వుకుంటూ ఉంటాడు. ఆ అధ్యాయాలు నాకు నడవలేదు. అక్కడ టిక్కులు లేవు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఆ పుస్తకం అయ్యాక నా డైరీ మారిపోయింది. అంతకుముందు "ఫలానా ఆయన వచ్చాడు, పొలం కాగితం గురించి అడిగాడు" అని ఉండేది. ఇప్పుడు ఆయన చెప్పు తెగి తాడుతో కట్టుకున్నాడని, మాట్లాడేటప్పుడు గోడ వైపు చూశాడని రాయసాగాను. నాకు కళ్లు కొత్తగా వచ్చినట్టు ఉండేది. వాడలో నడుస్తుంటే ప్రతి ఇల్లూ ఒక అధ్యాయంలా కనిపించేది.

వానాకాలం మొదట్లో, ఒక ఆదివారం పొద్దున, అక్క నారుమడి నుంచి బురద కాళ్లతోనే వచ్చి పిలిచింది. బావ ఉత్తరం. వాళ్ల గడప దగ్గర కూర్చుని చదివాను. డైరీలో ఉంది కాబట్టి మాట పోకుండా చెప్పగలను.

"నాకు బాయి దిగాల్నంటె భయమైతాంది. పోయిన నెల మా పక్క జాగల పైకప్పు కూలింది. ఎవ్వలకేం కాలే. గప్పటి సంది దీపం చేతికిస్తె చెయ్యి వణుకుతాంది. దిగుతాంటె బడిల నేర్పిన లెక్క చదువుకుంట దిగుతున్న. ఏక్, దోన్, తీన్. లెక్క ఆగితె కాళ్లు ఆగుతయి. నడుము నొస్తాందని చెప్పి బాయి బయట పైపనికి కాగితం పెట్టిన. అది అయ్యేదాక ఎవ్వలకు చెప్పకు. మీ అన్నలకు అస్సలు చెప్పకు. నవ్వుతరు."

అక్క కాసేపు కాలి మీది బురద గోకుతూ కూర్చుంది.

"ఇంకోపారి చదువు తమ్మీ."

చదివాను. అప్పటికప్పుడు జవాబు చెప్పి రాయించింది. "నడుము నొప్పే అని అందరికి చెప్త. నాకు గూడ నువ్వు నడుము నొప్పి అనే రాసినవని చెప్త. పైపని దొరికితె మంచిది. దొరకకుంటె ఇంటికి రా, పొలముంది. నువ్వు దిగినా దిగకున్నా నాకొక్కటే." ఆఖరి మాట దగ్గర ఆగి, "గది రాసినవా?" అని అడిగింది. రాశానన్నాను. లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. "మొత్తం తాగు తమ్మీ," అంది. ఆ మాట అంతకుముందెప్పుడూ అనలేదు. మొత్తం తాగాను.

మర్నాడు పొద్దున డైరీలో రెండున్నర పేజీలు రాశాను. రాస్తూ ఉంటే నా చెయ్యి సంతోషంతో వేగంగా నడిచింది. దాన్ని సంతోషం అనే రాయాలి. బావ మీద జాలి లేదని కాదు. కాని జాలికంటే ముందు, ఇదిగో నాకూ ఒక నిజమైన మనిషి దొరికాడు అన్న ఆనందం కలిగింది. పెద్ద గొంతుతో వాడనంతా నవ్వించేవాడు చీకట్లో మరాఠీలో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగుతున్నాడు. రష్యా రచయితకు దొరికితే వదులుతాడా?

పదకొండు పొద్దులు పట్టింది కథ. ఏవి మార్చానో ఒక జాబితా రాసుకున్నాను, అది కూడా డైరీలో ఉంది. బావ పేరు మార్చాను. రేగుంట తీసేసి ఆష్టి అనే ఊరు పెట్టాను. అన్నలను తీసేసి అత్తమామలను పెట్టాను. ఉత్తరం చదివిపెట్టే గుమాస్తా ఒకడు మొదటి ప్రతిలో ఉన్నాడు. అతడు కథకు అడ్డం వస్తున్నాడనిపించి కొట్టేశాను. భార్యకే చదువు వచ్చినట్టు, ఆమే గడపలో కూర్చుని చదువుకున్నట్టు రాశాను. లెక్క మాత్రం తీయలేకపోయాను. తెలుగు పనివాళ్ల మధ్య ఏక్, దోన్, తీన్ అని లెక్కపెట్టే మనిషి ఒక్కడే ఉంటాడని నాకు తెలుసు. తెలిసే ఉంచాను. ఆ లెక్క తీసేస్తే కథలో ప్రాణం పోతుందనుకున్నాను.

కింద కలంపేరు పెట్టి హైదరాబాద్ నుంచి వచ్చే ఒక వారపత్రికకు పంపాను. భయపడలేదు. తెలుగు అక్షరాలు బావ గుట్టును అన్నల నుంచి ఎలా కాపాడాయో, నా కథను కూడా ఊరి నుంచి అలాగే కాపాడతాయనుకున్నాను. మా ఒడ్డున తెలుగు అంటే ఇంటి లోపలి భాష, గడప దాటదు. బయటి పని ఏదైనా మరాఠీలోనే. ఆ లెక్కతోనే ఆలోచించాను. అవతలి ఒడ్డున అదే తెలుగు చాయ దుకాణాల్లో, మంగలి కొట్టులో, బాయి దగ్గర గేటు ముందర బల్ల మీద పడి ఉంటుందని, పదిమంది చేతులు మారుతుందని నా బుర్రకు తట్టలేదు. చిన్నప్పుడు ఏడేళ్లు ఆ ఒడ్డున బతికినవాణ్ణి, అయినా తట్టలేదు.

చలికాలంలో కథ అచ్చయింది. ఆ రోజు డైరీలో "అచ్చయింది" అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఇంట్లో కూడా చెప్పలేదు. నెల రోజులు ఎవరికీ తెలియని ఒక గర్వంతో కచేరీకి పోయివచ్చాను.

ఆ నెల చివర, ఆదివారం పొద్దున, నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో చూడ్డానికి రేవుకు పోయాను. పడవ అప్పుడే ఒడ్డుకు తగిలింది. అందులోంచి బావ లేచాడు. చేతిలో రేకు పెట్టె. అది ఆయన వచ్చే నెల కాదు. పడవ నడిపేవాడి తమ్ముడు కూడా అవే బావుల్లో పని చేస్తాడు. బావ పడవ అంచు మీద కాలు పెట్టగానే వాడు గడకర్ర ఆనించి, నవ్వు ఆపుకుంటూ అన్నాడు:

"పైలం మామా, మెట్లున్నయి. ఏక్..."

వెనకనుంచి ఇంకెవడో "దోన్" అన్నాడు. పడవలో సంతకు వచ్చినవాళ్లు కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వారు.

బావ ఏదో ఒకటి తిరిగి అంటాడని చూశాను. ఎప్పుడూ ఊరుకునే మనిషి కాదు. తల వంచుకుని మెట్టెక్కాడు. నన్ను చూసి, "ఏం బామ్మర్దీ," అన్నాడు. అంతే. నేను పోయి పెట్టెకు ఒక పక్క పట్టుకున్నాను. చాలా బరువుగా ఉంది. ఉన్నవన్నీ సర్దుకుని వచ్చేశాడని ఆ బరువుతోనే తెలిసింది.

సగం దారిలో తనే చెప్పాడు. "ఎవడో రాసిండు బామ్మర్దీ. పేపర్ల ఏసిండు. నాతోని పని చేసెటోడే అయితడు, నా లెక్క ఇని ఉంటడు, ఇంకెవనికి తెలుస్తది? దీపం చేతికియ్యంగనే ఒకడు ఏక్ అంటడు, పక్కోడు దోన్ అంటడు. కింద చీకట్ల గూడ అదే. పైపని కాగితం వాపస్ తీసుకున్న. నడుము నొప్పంటె ఇగ ఎవడు నమ్ముతడు?"

నేను పెట్టె పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాను.  మర్నాటి డైరీలో నీళ్లు తొమ్మిదో మెట్టు కింద ఉన్నట్టు రాసి ఉంది. బావ వచ్చినట్టు ఉంది. పెట్టె సంగతి లేదు, పడవ సంగతి లేదు. జరిగింది డైరీలో రాయకపోవడం అదే మొదటిసారి.

మూడో రోజు బావ రేగుంటకు పోయాడు, తల్లిని చూడ్డానికి. అక్క పిలిచింది. ఎప్పుడూ కూర్చునే గడప దగ్గరే కూర్చున్నాను. కొంగు కిందనుంచి మడతపెట్టిన వారపత్రిక తీసి నా చేతికిచ్చింది.

"జర చదివిపెట్టు తమ్మీ. ఆయన చదువుతనంటె వద్దన్న. ఎప్పటికి నువ్వే చదువుతవు కద."

ముఖంలో ఏమీ కనిపించలేదు. తెలిసి అడుగుతోందా, తెలియక అడుగుతోందా అని ఆమె వైపు చూశాను. ఆమె నా చేతిలోని కాగితం వైపు చూస్తోంది. చదవడం మొదలుపెట్టాను. నా వాక్యాలు నా నోటితో పైకి చదవడం అదే మొదలు. పొద్దున్నే ఒంటరిగా రాసుకున్నప్పుడు ఎంతో బాగున్నట్టు అనిపించినవి, ఆ గడపలో, ఆమె ముందర, ఒక్కొక్కటీ నాలుక మీద గరుకుగా తగిలాయి. ఆయన చేతి వణుకును రెండు ఉపమానాలతో వర్ణించాను. రెండోది చదువుతుంటే నా గొంతే తగ్గిపోయింది.

"ఇనవస్తలేదు. పెద్దగ చదువు."

పెద్దగా చదివాను. కథలో భార్య ఉత్తరం విప్పే చోట అక్క ఆపింది.

"ఆగు. గీ ఉత్తరం ఎవ్వలు చదివిన్రు?"

"ఆమెనే. పెండ్లాం."

"ఆమెకు చదువొస్తదా?"

"కతల వస్తది."

 అక్క చాలా నెమ్మదిగా అంది: "నాకు చదువొస్తె తమ్మీ, నీ దగ్గరికెందుకొస్తుంటి?"

నేను తల ఎత్తలేదు.

"అందరున్నరు గీ కతల. ఆయనున్నడు. నేనున్న. మా అన్నలను అత్తమామలను చేసినవ్. నువ్వేడున్నవ్? ఉత్తరం చదివెటోడు ఏడి?"

"తీసేసిన."

"ఎందుకు?"

 కథకు అడ్డం అని ఎలా చెప్పను?

"సరె. మిగిలింది చదువు."

చివరిదాకా చదివించింది. అయిపోయాక లేచి లోపలికి పోయింది. ఏం తేవడానికి పోయిందో నాకు తెలుసు. చెంబు తెచ్చింది. నా ముందర నిలబడింది. నేను చెయ్యి చాపాలా వద్దా అని అనుకుంటుండగానే, చెంబు పైకెత్తి ఆమే తాగేసింది. ఆగకుండా, అడుగు దాకా. చెంబు గడప పక్కన బోర్లించింది.

"ఇగ పో తమ్మీ. ఆయనకు చెప్ప. మా అన్నలకు చెప్ప. నువ్వు గూడ చెప్పకు. నీ పాణం తేలికైతదని చెప్పేవు, పైలం. ఈ వాడల నవ్వనోడు ఒక్కడన్న ఉన్నడని ఆయన నిన్ను జూసి బతుకుతాండు."

అలా నా గుట్టు ఆమె కడుపులో పెట్టుకుంది. నేను ఆమెది పెట్టుకోలేకపోయాను.

బావ మళ్లీ బాయికి పోలేదు. బావమరుదులతో కలిసి పొలంలో దిగాడు. వాళ్లు నవ్వారు, కొన్నాళ్లకు మానేశారు. ఎప్పుడైనా వడ్లు కొలిచేటప్పుడు ఎవరో ఒకరు మరాఠీలో లెక్క మొదలుపెట్టేవాళ్లు. బావ గొంతు చిన్నదైంది. వీధి అవతలినుంచి నన్ను కేకేసి ఎగతాళి చేయడం ఆగిపోయింది. పొద్దుగూకే వేళ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. రోజూ వచ్చేవాడు. నాకు అంతకన్నా శిక్ష లేదు.

ఒకరోజు కిటికీలో ఉన్న లావు నవల చూసి, "గిదేం పుస్తకం బామ్మర్దీ?" అని అడిగి తీసుకుపోయాడు. వాలు అక్షరాలు రాసిన మనిషి, వేలు పెట్టి ఒక్కో పదం చదువుతూ, రెండు వానాకాలాలు చదివాడు. తిరిగి ఇచ్చేటప్పుడు అరుగు మీద కూర్చుని అన్న మాట డైరీలో రాసుకున్నాను. ఆయన మాట అనుమతి లేకుండా రాసుకున్నది అదే ఆఖరు.

"గీ దొర ఉన్నడు సూడు, గీయన నాకు మంచిగ అనిపిచ్చిండు బామ్మర్దీ. మిగిలినోళ్ల తప్పులు ఒక్క మాటల చెప్పిడిసిపెడ్తడు. తనది వచ్చేసరికి పేజీలకు పేజీలు. గా పుస్తకం రాసినాయన గూడ గసొంటోడే అయి ఉంటడు. తన మీద రాసుకున్నట్టే ఉన్నది."

నేను ఊఁ అన్నాను.

"నా మీద కత రాసినోడు గిది చదివి ఉంటడంటవా?"

"చదివే ఉంటడు బావా."

"చదివితె గట్లెందుకు రాస్తడు? చదవలే వాడు."

ఆయన పోయాక పుస్తకం తెరిచి ఆ దొర అధ్యాయాలు వెతికాను. అంచుల్లో ఒక్క టిక్కు లేదు. ముసలి నౌకరు చెంచాకు టిక్కు ఉంది, గుర్రానికి ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయడమంటే ఎదుటివాడి చేతి వణుకు రాయడం అనుకున్నాను. ఆ రచయిత నోటుపుస్తకంలో మొదట ఎవరి ముఖం రాసుకుని ఉంటాడో ఆలోచించలేదు. నా కథలో ఊరు మార్చాను, పేరు మార్చాను. అవి చిన్న మార్పులు. ఉత్తరం చదివి, నీళ్లు తాగి, ఇంటికి పోయి రాసుకున్నవాణ్ణి కొట్టేశాను. ఆ కథలో అసలు అబద్ధం అదే. నేను మళ్లీ కథ రాయలేదు. ఉత్తరాలు చదవడం కూడా ఏదో ఒక సాకు చెప్పి మానుకున్నాను. డైరీలో మటుకు ఎండ, వాన, నీళ్ల మెట్టు రాస్తూ వచ్చాను.

బావ చనిపోయి నాలుగేళ్లయింది. చివరిదాకా ఆ కథ రాసింది తోటి పనివాడే అనుకున్నాడు. అక్క ఇప్పుడు రేగుంటలో, బావ తమ్ముడి కొడుకు దగ్గర ఉంటోంది. పోయిన నెల ఈ కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి పోయాను. చూపు మందగించింది గాని నా గొంతు గుర్తుపట్టింది. మేకలకు ఆకు వేస్తూ ఉంది. వేయడం అయ్యాక కూర్చుంది. ఇక్కడిదాకా మొత్తం చదివాను. ఎక్కడా ఆపలేదు.

"దీన్ని అచ్చుకియ్యాల్నా వద్దా అక్కా?"

"ఇప్పుడడుగుతున్నవా?" అంది. కోపంగా కాదు. వయసైన మనిషి అలసటతో అన్నట్టు. "గప్పుడు అడగలే."

అవునన్నాను. ఆమె మేకల వైపు చూసింది.

"నువ్వున్నవ్ ఈసారి. కని ఆయన లేడు సరిగ."

"ఏం తప్పు రాసిన?"

"ఉత్తరంల ఉన్నదే రాసినవ్. పైకప్పు కూలినంక భయమైందని రాసిండు కద ఆయన. గది నువ్వు చదువుతవని గట్ల రాసిండు, కొత్తగ వచ్చిన భయం లెక్క. ఆయనకు మొదటి రోజు సందే భయం. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడే నాకు చెప్పిండు. పన్నెండేండ్లు గట్లనే దిగిండు, దినాం. గది నీకు తెల్వది. ఉత్తరాలు చదివెటోనికి గదెట్ల తెలుస్తది? గది రాయి. రాసినంకనే అచ్చుకియ్యి."

ఆమె నీళ్లివ్వలేదు. నేను అడగలేదు. ఇది కడుపులో దాచుకోవడానికి చదివింది కాదని ఇద్దరికీ తెలుసు. రేగుంట నుంచి చివరి బస్సులో తిరిగి వచ్చాను. మర్నాడు పొద్దున ఐదున్నరకు లేచి, డైరీ తెరవకుండా, ముందు ఈ కాగితం మీద రాశాను. బావ బొగ్గుబాయిలో పని చేసింది పన్నెండేళ్లు. మొదటి రోజు నుంచీ ఆయనకు భయమే. ఆ భయంతోనే, దీపం పట్టుకుని, లెక్క పెట్టుకుంటూ, రోజూ దిగాడు.